క్యాన్సర్ మందును తేల్చేది స్టేజీ ఒక్కటే కాదు, రిసెప్టర్ కూడా

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ముందు గానీ, బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రి ఓపీ దగ్గర గానీ కాసేపు నిలబడితే పేషెంట్ తాలూకు వాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట ‘ఏ స్టేజీ అన్నారు?’ అనేదే. నల్గొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, అవతల కర్నూలు నుంచి ఫైళ్లు పట్టుకుని వచ్చినవాళ్ల టెన్షనంతా ఆ ఒక్క అంకె మీదే ఉంటుంది. స్టేజీ ముఖ్యమే, కాదనలేం. కానీ ఏ మందు పనిచేస్తుంది, ఏది డబ్బు దండగ అన్నది చాలా క్యాన్సర్లలో తేలేది బయాప్సీ రిపోర్టులో కింద ఎక్కడో ఉండే ‘హెర్-2: 3+’, ‘ఈజీఎఫ్ఆర్: ఎగ్జాన్ 19 డిలీషన్’ లాంటి లైన్ల దగ్గర. చూడ్డానికి కోడ్ భాషలా ఉండే ఈ లైన్లు కణం పైపొర మీద ఉండే రిసెప్టర్ల గురించి చెబుతాయి. వాటిని చదవడం రాకపోతే మంచి మందు కూడా తప్పు మనిషికి వెళ్తుంది. అందుకే ఈ వ్యాసం.

మన ఒంట్లో ఏ కణమూ మామూలుగా తన ఇష్టానికి పెరగదు. తెగిన వేలు మానాలన్నా పక్క కణాల నుంచో, రక్తం నుంచో ‘ఇక పెరుగు’ అన్న కబురు అందాలి. ఆ కబురు మోసుకొచ్చే ప్రొటీన్లను గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. అవి తిన్నగా కణంలోకి దూరిపోయి చెప్పవు. పొర మీద తమ కోసమే ఉన్న రిసెప్టర్‌కు వచ్చి అతుక్కుంటాయి. పొరకు అటూ ఇటూ పొడుచుకుని నిలబడ్డ ప్రొటీన్ ఈ రిసెప్టర్. దాని తల బయట, తోక లోపల. ఇంటి కాలింగ్ బెల్‌లా అనుకోండి: బటన్ గోడ బయట, మోత ఇంట్లో, మధ్యలో వైరు. గ్రోత్ ఫ్యాక్టర్ తలను పట్టుకోగానే రెండు రిసెప్టర్లు దగ్గరికి జరిగి జతకడతాయి. లోపల వాటి తోకలు ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేట్లు అతికించుకుంటాయి. అక్కడి నుంచి రాస్, రాఫ్, మెక్ అనే ప్రొటీన్లు వరుసగా ఒకదాన్నొకటి లేపుతూ కేంద్రకం దాకా కబురు చేరవేస్తాయి. పనయ్యాక కణం ఆ రిసెప్టర్‌ను లోపలికి లాక్కుంటుంది, మోత ఆగిపోతుంది.

ఇది మొదట అంతు చిక్కింది ఎలుక పిల్లల కనురెప్పల దగ్గర. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ ఎలుక లాలాజల గ్రంథి నుంచి తీసిన పదార్థాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఇస్తే, వాటి కళ్లు రోజుల ముందే తెరుచుకున్నాయి. చర్మ కణాలను పెంచే ఏదో ఆ పదార్థంలో ఉందని పట్టుకుని, ఎపిడర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్‌ను విడదీశారు. రీటా లెవీ మోంటాల్చినీతో కలిసి ఆయనకు 1986లో నోబెల్ వచ్చింది. ఆ గ్రోత్ ఫ్యాక్టర్ అతుక్కునే రిసెప్టరే ఈజీఎఫ్ఆర్. ఎలుక పిల్లల చర్మం సంగతి గుర్తు పెట్టుకోండి, మందుల దుష్ప్రభావాల దగ్గర పనికొస్తుంది.

క్యాన్సర్ ఈ ఏర్పాటును పాడు చేసే దారులు చాలానే ఉన్నాయి, కానీ రెండు తెలిస్తే రిపోర్టు చాలావరకు అర్థమవుతుంది. ఒకటి, బటన్లు లెక్కకు మించి పుట్టడం. హెర్-2 అనే రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఆ జన్యువుకు కాపీల మీద కాపీలు తయారవుతాయి. మామూలు రొమ్ము కణం మీద వేలల్లో ఉండాల్సిన హెర్-2 రిసెప్టర్లు అక్కడ 20 లక్షల దాకా పెరగొచ్చు. పైగా హెర్-2కు కబురు తెచ్చే గ్రోత్ ఫ్యాక్టర్ అంటూ ప్రత్యేకంగా లేదు. అది ఎప్పుడూ జతకట్టడానికి సిద్ధంగానే ఉంటుంది. ఇన్ని రిసెప్టర్లు ఇరుక్కుని ఉంటే బయటి నుంచి ఎవరూ నొక్కకపోయినా జతలు కట్టేస్తాయి. రెండోది, రిసెప్టర్ల సంఖ్య మామూలుగానే ఉన్నా ఒక్కటే బటన్ నొక్కుకుపోయి ఇరుక్కోవడం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఎగ్జాన్ 19 డిలీషన్ (ఒక చిన్న ముక్క ఎగిరిపోవడం), ఎల్858ఆర్ (ఒక్క అక్షరం మారడం) అనే మార్పులు చేసే పని ఇదే.

ఇక్కడ చాలామందికి వచ్చే ఒక తికమక తీర్చాలి. రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్-2 అని మూడూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మూడూ ఒకే రకం అనుకుంటారు. ఈఆర్ (ఈస్ట్రోజన్ రిసెప్టర్), పీఆర్ (ప్రొజెస్టరాన్ రిసెప్టర్) హార్మోన్ రిసెప్టర్లు. అవి ఉండేది ప్రధానంగా కేంద్రకంలో. ఈస్ట్రోజన్ కొవ్వులో కరిగే హార్మోన్ కాబట్టి పొరను దాటుకుని లోపలికి పోగలదు. ఆ హార్మోన్‌ను అడ్డుకోవడానికే టామాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి మాత్రలు. పొర మీద ఉండేది హెర్-2 ఒక్కటే. మూడూ లేకపోతే ట్రిపుల్ నెగెటివ్ అంటారు. పాశ్చాత్య దేశాల కంటే మన దేశంలో దీని వాటా ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి.

ఆ ప్లస్సుల లెక్క

రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం హెర్-2 పాజిటివ్. దాన్ని తేల్చే మొదటి పరీక్ష ఐహెచ్‌సీ. గడ్డ ముక్కను మైనంలో పొదిగి, పలచటి పొరలుగా కోసి, హెర్-2కు మాత్రమే అతుక్కునే యాంటీబాడీ వేసి, రంగు పట్టిస్తారు. మైక్రోస్కోప్‌లో కేంద్రకాలు నీలంగా కనిపిస్తాయి. హెర్-2 ఉన్న చోట పొర వెంట గోధుమ రంగు పడుతుంది. పది శాతానికి మించిన క్యాన్సర్ కణాల చుట్టూ ఆ గీత ముదురుగా, ఎక్కడా తెగకుండా ఉంటే 3+, అంటే పాజిటివ్. 0 గానీ 1+ గానీ అయితే నెగెటివ్. 2+ అంటే మాత్రం ‘కొంచెం పాజిటివ్’ అని కాదు, ఈ పరీక్షతో తేలలేదని అర్థం. అప్పుడు ఫిష్ పరీక్ష చేయాలి. అందులో హెర్-2 జన్యువు ఎర్ర చుక్కలుగా, 17వ క్రోమోజోమ్ ఆకుపచ్చ చుక్కలుగా మెరుస్తాయి. ఎర్రవి ఆకుపచ్చ వాటికి రెట్టింపు, అంతకు మించి ఉంటే సాధారణంగా పాజిటివ్‌గా లెక్క.

2+ దగ్గర ఆగిపోయి చికిత్స మొదలుపెట్టడం నా దృష్టిలో ఎంతమాత్రం ఒప్పుకోదగ్గది కాదు. ఫిష్‌కు అయ్యే ఖర్చుకు వెనకాడి ఏడాది పాటు అక్కర్లేని హెర్-2 ఇంజెక్షన్ ఎక్కించుకోవడం ఒక నష్టమైతే, కావాల్సిన మందు దక్కకపోవడం ఇంకా పెద్ద నష్టం. ‘ఫిష్ చేశారా సార్?’ అని అడగడానికి మొహమాటపడొద్దు. ఆరోగ్యశ్రీలో ఉన్నవాళ్లు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ఈ పరీక్ష సంగతి ముందే కనుక్కోవాలి.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తీసిన ముక్కను గంటలోపే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. కనీసం 6 గంటలు, మించితే 72 గంటలు అందులో ఉండాలి. ఆలస్యమైతే రిసెప్టర్ ప్రొటీన్లు చెడిపోతాయి, ఉన్న హెర్-2 కూడా లేనట్టు కనిపించొచ్చు. చిన్న ఊళ్లో గడ్డ తీసి సెలైన్‌లోనో, నీళ్లలోనో వేసి బస్సులో హైదరాబాద్ పంపితే, ఇక్కడ ఎంత పెద్ద ల్యాబ్ ఉన్నా చేసేదేం లేదు. ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌ను ‘ఫార్మలిన్‌లో వేస్తారు కదా, ఎప్పటికల్లా ల్యాబ్‌కు చేరుతుంది?’ అని అడిగితే తప్పేం లేదు. కొన్నేళ్ల చికిత్స ఆ డబ్బా మీద ఆధారపడి ఉంటుంది.

బటన్ కప్పేయడం, వైరు కత్తిరించడం

హెర్-2 ఎక్కువగా ఉన్న రొమ్ము క్యాన్సర్ త్వరగా తిరగబెడుతుందని 1987లో డెనిస్ స్లేమన్ బృందం చూపించింది. అప్పట్లో అది చెడు కబురే. 1998లో ట్రాస్టుజుమాబ్ వచ్చాక అదే పాజిటివ్ అన్న మాట చికిత్సకు దారి చూపే మాట అయింది. ఇది యాంటీబాడీ. బయట ఉన్న హెర్-2 తలకు అతుక్కుని కబురును అడ్డుకుంటుంది, అదే సమయంలో మన రోగనిరోధక కణాలను ఆ కణం మీదికి పిలుస్తుంది. తొలిదశలో ఆపరేషన్ తర్వాత కీమోతో పాటు దీన్ని ఇస్తే క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు దాదాపు సగానికి తగ్గిందని 2005లో పెద్ద ట్రయల్స్ తేల్చాయి. సాధారణంగా మూడు వారాలకోసారి, ఏడాది పాటు ఎక్కిస్తారు.

గుండె కండర కణాలు కూడా తమ మరమ్మతుకు హెర్-2 మీద ఆధారపడతాయి. అందుకే ఈ మందు వాడేవాళ్లకు కొన్ని నెలలకోసారి టూడీ ఎకో చేయిస్తారు. ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్ కీమోతో కలిపి ఒకేసారి ఇచ్చినప్పుడు గుండె దెబ్బతినడం ఎక్కువగా కనిపించింది కాబట్టి ఆ రెండింటినీ ఇప్పుడు ఒకదాని తర్వాత ఒకటి ఇస్తారు. ‘గుండె జబ్బు లేదు కదా, ఎకో ఎందుకు’ అని ఈ పరీక్ష ఎగ్గొట్టేవాళ్లకు ఈ కారణం తెలియాలి.

రెండో రకం మందులు ఈజీఎఫ్ఆర్ మీద పనిచేసే మాత్రలు: గెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఒసిమెర్టినిబ్. ఇవి చిన్న అణువులు కాబట్టి కణంలోకి దూరి, రిసెప్టర్ తోక దగ్గర వైరు తెంచేస్తాయి. వీటి చరిత్రలో రిసెప్టర్ పరీక్ష ఎందుకో చెప్పే పాఠం ఉంది. గెఫిటినిబ్ మొదట్లో చాలామందికి పనిచేయలేదు, కొందరికి మాత్రం గడ్డ కరిగిపోయింది. ఎందుకో తెలియలేదు. పనిచేసినవాళ్ల కణితుల్లో ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉందని 2004లో బయటపడింది. 2009లో వచ్చిన ఐపాస్ ట్రయల్ దాన్ని అంకెల్లో చూపించింది. తూర్పు ఆసియా దేశాల్లో పొగ తాగని, లేదా ఎప్పుడో కొద్దిగా తాగి మానేసిన ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్ల మీద జరిగిన ట్రయల్ అది. ఆ మార్పు ఉన్నవాళ్లలో 71 శాతం మందికి గెఫిటినిబ్‌తో గడ్డ తగ్గింది. లేనివాళ్లలో ఒక్క శాతం మందికే. లేనివాళ్లకు మామూలు కీమోనే మెరుగ్గా పనిచేసింది. ఒకే మందు, ఒకే జబ్బు పేరు, 71కి 1కి మధ్య ఉన్న తేడా అంతా రిసెప్టర్‌లోని చిన్న మార్పుదే.

మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకమైన అడినోకార్సినోమా ఉన్న పేషెంట్లలో సుమారు నాలుగో వంతు మందికి ఈ మార్పు ఉంటుంది. బీడీ, సిగరెట్ ముట్టని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. కాబట్టి ‘మా అమ్మ జన్మలో పొగ తాగలేదు, ఇదెలా వచ్చింది’ అని కుమిలిపోయే కుటుంబం ముందుగా అడగాల్సింది ఈజీఎఫ్ఆర్ పరీక్ష గురించే.

ఈ మాత్రలు వేసుకున్నాక ముఖం మీద, ఛాతీ మీద మొటిమల్లాంటి దద్దుర్లు వస్తాయి. గోళ్ల పక్కన చీము పడుతుంది, విరేచనాలు అవుతాయి. ఎలుక పిల్లల దగ్గర చూసినట్టు, చర్మం నిత్యం వాడుకునే రిసెప్టర్ కూడా ఈజీఎఫ్ఆరే; మందుకు క్యాన్సర్ ఈజీఎఫ్ఆర్‌కూ చర్మం ఈజీఎఫ్ఆర్‌కూ పూర్తిగా తేడా తెలియదు. ఇది అలర్జీ కాదు. మందు పడలేదనుకుని ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేయడం ప్రమాదం. డాక్టర్‌కు చూపిస్తే పూతమందు, యాంటీబయాటిక్ ఇస్తారు, అవసరమైతే డోసు తగ్గిస్తారు.

బటన్ కప్పినా లోపల వైరు దానంతటదే మోగుతుంటే ఏమవుతుంది? కొన్ని పెద్దపేగు క్యాన్సర్లలో జరిగేది అదే. ఈజీఎఫ్ఆర్ మీద పనిచేసే సెటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్, కేరాస్ జన్యువులో మార్పు ఉన్నవాళ్లకు ఉపయోగపడదు. కేరాస్ ముందు చెప్పుకున్న రాస్ ప్రొటీన్లలో ఒకటి, రిసెప్టర్ కంటే కింద ఉండే మెట్టు. అది పాడైతే పైన ఏం కప్పినా కబురు వెళ్తూనే ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్లలో ఇంచుమించు 40 శాతంలో ఈ మార్పు కనిపిస్తుంది. అందుకే ఆ ఇంజెక్షన్‌కు ముందు రాస్ పరీక్ష తప్పనిసరి.

పనిచేసిన మాత్ర కూడా కొంతకాలానికి ఆగిపోతుంది. ఎక్కువమందిలో ఏడాది అటూ ఇటూ. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ వాడినవాళ్లలో సగం మందికి పైగా ఈజీఎఫ్ఆర్‌లోనే టీ790ఎం అనే కొత్త మార్పు వచ్చి, మందు అక్కడ నిలవకుండా చేస్తుంది. దాన్ని దాటడానికి తెచ్చిన మాత్రే ఒసిమెర్టినిబ్. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఇప్పుడు మొదటి మందుగానే ఇస్తున్నారు. దానికీ సీ797ఎస్ లాంటి కొత్త మార్పులు ఎదురొస్తున్నాయి.

రిసెప్టర్ కారణం కాకపోయినా

ఇప్పటిదాకా చెప్పిన మందులన్నీ ఒక్క నమ్మకం మీద నిలబడ్డాయి: క్యాన్సర్ ఆ రిసెప్టర్ మీద ఆధారపడి బతుకుతోంది, దాన్ని ఆపితే కణం చస్తుంది. గత కొన్నేళ్లలో ఈ లెక్క కొంత మారింది. రిసెప్టర్ పెరుగుదలకు కారణం కాకపోయినా సరే, కణం మీద గుర్తుగా ఉంటే చాలు అనే మందులు వచ్చాయి. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అలాంటిదే. పాత యాంటీబాడీకే ఘాటైన కీమో అణువులను కట్టారు. యాంటీబాడీ హెర్-2కు అతుక్కుంటుంది, కణం దాన్ని లోపలికి లాక్కుంటుంది, లోపల ముడి విడిపోయి విషం బయటపడుతుంది. ఆ విషం పక్క కణాలకూ పాకుతుంది కాబట్టి హెర్-2 తక్కువ ఉన్న కణాలూ చస్తాయి.

అందుకే ఒకప్పుడు నెగెటివ్ అని పక్కన పెట్టిన 1+, ఫిష్ నెగెటివ్ అయిన 2+ గడ్డలకు ఇప్పుడు ‘హెర్-2 లో’ అని వేరే పేరు పెట్టారు. ఒళ్లంతా పాకిన అలాంటి రొమ్ము క్యాన్సర్ పేషెంట్లపై 2022లో వెలువడిన ట్రయల్‌లో, జబ్బు ముదరకుండా ఉన్న కాలం మామూలు కీమోతో 5.1 నెలలైతే ఈ మందుతో 9.9 నెలలు; బతికిన కాలం 16.8 నుంచి 23.4 నెలలకు పెరిగింది. కాబట్టి పాత రిపోర్టులో ‘హెర్-2 నెగెటివ్’ అని మాత్రమే రాసి ఉంటే, అది 0నా 1+నా అని మళ్లీ అడగడం ఇప్పుడు అర్థవంతమైన ప్రశ్న. ఈ మందుతో కొందరికి ఊపిరితిత్తుల్లో వాపు వస్తుంది. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం మొదలైతే తర్వాతి సైకిల్ దాకా ఆగకూడదు, వెంటనే చెప్పాలి.

ఉపరితలం మీది గుర్తును వాడుకునే పద్ధతి మన నగరానికి కొత్త కాదు. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) కణాల మీద ఉండే సీడీ20 ప్రొటీన్‌కు అతుక్కునే రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌ను (అసలు మందును పోలి ఉండేలా వేరే కంపెనీ చేసే మందును) హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే మార్కెట్లోకి తెచ్చింది.

కొన్ని రిసెప్టర్లు క్యాన్సర్ కణం మీద కాకుండా దాన్ని చంపాల్సిన రోగనిరోధక టీ-కణం మీద ఉంటాయి. పీడీ-1 అలాంటిది, టీ-కణానికి ‘ఆగు’ అని చెప్పే రిసెప్టర్. క్యాన్సర్ కణం తన మీద పీడీ-ఎల్1 పెట్టుకుని దాన్ని నొక్కుతుంది, టీ-కణం చల్లబడిపోతుంది. నివోలుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీ మందులు ఆ పీడీ-1ను కప్పేస్తాయి. ఇలాంటి ఇమ్యూనోథెరపీకి పునాది వేసిన తసుకు హోంజో, జేమ్స్ ఆలిసన్‌లకు 2018లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ మన దేశం నుంచి వచ్చిన ఒక పని నాకు ఎంతో విలువైనదిగా అనిపిస్తుంది. నివోలుమాబ్ మామూలు డోసు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. ఆ ధర మన దగ్గర అతి కొద్దిమందికే అందుతుంది. కానీ తక్కువ మోతాదుకే టీ-కణాల మీది పీడీ-1లో ఎక్కువ భాగం నిండిపోతుందని తొలి పరీక్షల్లోనే తెలిసింది. నిండిన రిసెప్టర్ మీద ఇంకా మందు పోస్తే వచ్చే లాభం ఎంత? ముంబైలోని టాటా మెమోరియల్ డాక్టర్లు మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చి చూశారు. నయం చేసే వీలు లేని దశకు చేరిన నోటి, గొంతు క్యాన్సర్ పేషెంట్లకు మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు ఇస్తూ, సగం మందికి ఈ చిన్న డోసు కలిపారు. ఏడాదికి బతికి ఉన్నవాళ్లు మాత్రలు మాత్రమే వేసుకున్న గుంపులో 16.3 శాతం, నివోలుమాబ్ కలిపిన గుంపులో 43.4 శాతం. గుట్కా, ఖైనీ వల్ల నోటి క్యాన్సర్ ఇంతగా ఉన్న ప్రాంతంలో దీని విలువ వేరే చెప్పాలా? రిసెప్టర్ లెక్క తెలిసినవాళ్లే అడగగలిగిన ప్రశ్న అది.

ధర మాట వచ్చింది కాబట్టి సోరాఫెనిబ్ సంగతి చెప్పుకోవాలి. కణితికి కొత్త రక్తనాళాలు మొలిపించే వీఈజీఎఫ్ రిసెప్టర్ల తోకను, లోపలి రాఫ్‌ను కూడా అడ్డుకునే మాత్ర ఇది. కాలేయ, కిడ్నీ క్యాన్సర్లకు వాడతారు. దీన్ని అమ్మిన బేయర్ కంపెనీ ధర అప్పట్లో నెలకు సుమారు రూ.2.8 లక్షలు ఉండేది. 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ హైదరాబాద్‌లోని నాట్కోకు దీన్ని తయారు చేసే లైసెన్సు ఇచ్చారు. 120 మాత్రలకు రూ.8,880 మించి తీసుకోకూడదన్నది షరతు. దేశంలో అదే మొదటి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఇచ్చే అనుమతి. తర్వాత 2014లో బయోకాన్ ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్ తెచ్చింది. 2024 జులై బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం ఎత్తేసిన మూడు క్యాన్సర్ మందులూ ఈ వ్యాసంలోని కోవకు చెందినవే: హెర్-2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్, ఈజీఎఫ్ఆర్ మీద ఒసిమెర్టినిబ్, పీడీ-ఎల్1 మీద డుర్వాలుమాబ్. సుంకం పోయినా మొదటి, మూడో మందులు సామాన్యుడికి ఇంకా అందనంత దూరంలోనే ఉన్నాయి. బయోసిమిలర్లు, చిన్న డోసు ట్రయల్స్ ఇంకా ఎక్కువ రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

చివరగా, తిరగబెట్టిన జబ్బు గురించి. రొమ్ములో ఉన్న గడ్డకూ, రెండేళ్ల తర్వాత కాలేయంలో కనిపించిన గడ్డకూ రిసెప్టర్లు ఒకేలా ఉండాలని లేదు. ఈఆర్ పోవచ్చు, హెర్-2 కొత్తగా రావచ్చు. వీలైతే మళ్లీ ముక్క తీసి పరీక్షించమని డాక్టర్లు అనేది అందుకే. ‘ఒకసారి చేశాం కదా’ అని వద్దనకండి. ఊపిరితిత్తుల్లో సూది పెట్టడం కష్టమైతే రక్తంలో తిరిగే కణితి డీఎన్ఏను చూసే లిక్విడ్ బయాప్సీ ఉంది. అందులో మార్పు కనిపిస్తే నమ్మొచ్చు, కనిపించకపోతే మాత్రం ముక్క పరీక్ష చేయాల్సిందే. మొదటి ఆపరేషన్ నాటి మైనపు బ్లాకులు, స్లైడ్లు ల్యాబ్ నుంచి అడిగి తీసుకుని ఫైలుతో పాటే ఉంచండి. ఎండ తగలకుండా, వేడికి మైనం కరగకుండా దాచితే ఏళ్ల తర్వాత కూడా వాటి మీద కొత్త పరీక్ష చేయొచ్చు. ఆసుపత్రి మారినప్పుడు కొత్త డాక్టర్ మొదట అడిగే వాటిలో అవి ఉంటాయి.